ఎర్రనేల మీద కాంచన ద్వీపం

జూన్ మొదటి వారం. రాత్రి గంటసేపు వాన దంచికొట్టి వెలిసింది. తెల్లారి ఆరు గంటలకల్లా వజ్రకరూరు పొలాల నిండా జనం. అంతమంది ఉన్నా సందడి లేదు. అందరి తలలూ నేలకే వంగి ఉన్నాయి. రెండడుగులు వేస్తారు, ఆగుతారు, గొంతుక్కూర్చుంటారు. ఓ గులకరాయి తీసి బొటనవేలితో మట్టి తుడిచి వెలుతురుకి పట్టి చూస్తారు. పారేస్తారు. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడే మంచిరాయి మెరుస్తుందట, నడినెత్తికొచ్చాక అన్ని రాళ్లూ ఒకటేనట. అందుకే పొద్దునా సాయంత్రమూ వెతుకులాట, మధ్యాహ్నం వేపచెట్ల కింద సద్ది.

ఇక్కడ వజ్రాన్ని వజ్రమనరు. ‘రాయి’ అంటారు. ఫలానావాళ్ల చేన్లో రాయి దొరికిందంట అన్న ఒక్క మాట పుడితే చాలు, కర్నూలు వైపు నుంచీ బళ్లారి వైపు నుంచీ మూటాముల్లె సర్దుకుని జనం దిగిపోతారు. గుడి అరుగుల మీద పడుకుంటారు. చేను గలవాడు విత్తనం వేసుకోవాలి, అడుసు తొక్కొద్దని మొత్తుకుంటూనే ఉంటాడు. మధ్యమధ్యలో తనూ కిందికి చూస్తూనే ఉంటాడు.

గట్టు మీద ఒక ముసలామె కూర్చుని కొంగు ముడి విప్పుతోంది. ముడిలో పది పన్నెండు రాళ్లున్నాయి. తెల్లవి, పసుపువి, ఒకటి లేత ఆకుపచ్చది.

“ఏమన్నా దొరికిందా అవ్వా?”

“దొరికింటే ఈడెందుకుంటా నాయనా?”

“మరి ఇవన్నీ?”

“ఇవా... దీంట్లో ఒగటి అయ్యుంటుందేమోనని. పారేయబుద్ధి కాలే.”

ఆ కొంగుముడి చూసినప్పుడే నాకు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ గుర్తొచ్చాడు. ఎక్కడి ఎడింబరో, ఎక్కడి వజ్రకరూరు! కానీ ఆయన పుస్తకాలన్నీ ఒకచోట పేర్చుకుని చదివాక నాకు కలిగిన నమ్మకం ఇది: ఈయన్ని మనం పిల్లల అరలో పెట్టి అన్యాయం చేశాం. నాన్‌డిటెయిల్డ్‌గా పరీక్షకి చదివి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయాం. దాచిన ధనం కోసం తవ్వేవాళ్లూ, పొలం కోసం కొట్టుకునే అన్నదమ్ములూ, ఊరొదిలి పోయినవాళ్లూ ఆయన మనుషులు. వాళ్లు అనంతపురం జిల్లాలో దొరికినంత సులువుగా ఇంకెక్కడా దొరకరేమో.

*

మన దగ్గర వానొస్తే జనం పొలంలోకి పరిగెత్తుతారు. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ మాత్రం వాన వల్ల ఇంట్లో ఇరుక్కుపోయినప్పుడు పుట్టింది. 1881 ఎండాకాలం, స్కాట్లండ్ కొండల్లో బ్రేమర్ అనే ఊరు. పేరుకే ఎండాకాలం, రోజూ వాన, చలి. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల జబ్బుతో బతుకుతున్న ముప్పయ్యేళ్ల మనిషి బయట కాలు పెట్టలేడు. భార్య ఫ్యానీకి మొదటి పెళ్లి వల్ల కలిగిన పదమూడేళ్ల కొడుకు లాయిడ్ రంగులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఆటలో తయారైంది ఒక ద్వీపం పటం. దాని కొండలకీ వాగులకీ పేర్లు పెడుతుంటే చెట్ల మధ్య నుంచి మనుషులు కత్తులు పట్టుకుని తొంగిచూడటం మొదలుపెట్టారని స్టీవెన్సన్ తర్వాత రాసుకున్నాడు. పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు.

రాసిన అధ్యాయం రాసినట్టే ఇంట్లో చదివి వినిపించేవాడు. వినేవాళ్లలో ఆయన తండ్రి థామస్ ఒకరు. సముద్రంలో దీపస్తంభాలు కట్టే ఇంజనీరు, మతనిష్ఠ గల గంభీరమైన మనిషి. కొడుకు ఇంజనీరింగు వదిలేసి రాతల్లో పడ్డాడని ఏళ్ల తరబడి కుమిలిపోయినవాడు. ఆ పెద్దాయన ఈ కథ దగ్గర పసివాడైపోయాడు. కథలోని ముసలి నావికుడు బిల్లీ బోన్స్ పెట్టెలో ఏమేం సామాన్లుండాలో ఒక కవరు వెనకాల జాబితా రాసిచ్చాడు. స్టీవెన్సన్ దాన్నే నవలలో వాడుకున్నాడు. నిధి పాతిపెట్టిన దొంగల నాయకుడు ఫ్లింట్ ఓడకి ‘వాల్రస్’ అని పేరు పెట్టమన్నదీ ఆయనే. తండ్రీకొడుకులు తగాదా మానేసి ఒక దొంగ పెట్టె సర్దుకుంటూ కూర్చున్న ఆ దృశ్యం నాకు నవలకన్నా ఇష్టం.

‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రికలో 1881 అక్టోబరు నుంచి వేరే పేరుతో ధారావాహికగా వచ్చింది. 1883లో పుస్తకమైంది. దానికి ముట్టింది నూరు పౌన్లు. మార్క్ ట్వేన్‌ని తెలుగు పిల్లల చేతికిచ్చిన నండూరి రామమోహనరావే దీన్ని కూడా ‘కాంచన ద్వీపం’గా తెచ్చారు. ఆ పేరు పెట్టడంలోనే ఆయన గొప్పతనం ఉంది. నిధి అంటే మనకి లంకెబిందెలు గుర్తొస్తాయి, పాత గుళ్లు తవ్వే ముఠాలు గుర్తొస్తాయి. కాంచనం అనగానే అదంతా పోయి దూరాన సముద్రం మీద ఒక బంగారు గీత కనిపిస్తుంది.

పెద్దయ్యాక మళ్లీ చదివితే నిలబెట్టేసేది గొయ్యి. ఓడ మీద కుట్రలు, హత్యలు, జ్వరాలు దాటుకుని, పటం చూసుకుంటూ, అడుగులు లెక్కేసుకుంటూ దొంగలంతా నిధి చోటికి చేరతారు. అక్కడ గొయ్యి ఖాళీగా ఉంటుంది. ఎప్పుడో తవ్వేశారు, గట్లు కూలి అడుగున గడ్డి కూడా మొలిచింది. మూడేళ్ల కిందట ద్వీపంలో వదిలేసిపోయిన బెన్ గన్ అనే పిచ్చివాడు నిధి మొత్తం ఒంటరిగా మోసుకుపోయి తన గుహలో దాచేశాడు. అతనికి చివర్లో వాటాగా వెయ్యి పౌన్లిస్తే పందొమ్మిది రోజుల్లో ఊడ్చేశాడు. ఆ లెక్క స్టీవెన్సన్ రోజులతో సహా రాశాడు. పిల్లల కథ రాసేవాడికి ఆ పందొమ్మిది ఎందుకు? రాయి దొరికినవాడి కథ తెలిసిన మా వైపు వాళ్లకి అడగాల్సిన పని లేదు. దొరికిన రాయి ఎంత చేస్తుందో దొరికినవాడికి తెలియదు. తెలిసినవాడు చెప్పడు. ఊరికి తెలియకముందే అమ్మేయాలన్న భయం. చేతికొచ్చింది అప్పులవాడికి, పెళ్లికి, బోరుకి.

*

బోరు అన్నాను కాబట్టి ఇది చెప్పాలి. నేను ‘కాంచన ద్వీపం’ తొలిసారి చదివింది మా నాన్న మూడో బోరు వేయించిన ఎండాకాలంలో. మాది ఉరవకొండ దాపున చిన్న ఊరు. నాలుగెకరాల ఎర్రనేల, శెనక్కాయ తప్ప ఇంకోటి ఎరగని నేల. ఇటు నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసేసి మా దగ్గరికి ఉత్త చేతులతో వస్తాయి. అటు ఈశాన్యం మేఘాలు కోస్తా దాటి ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. అది కూడా కాయ ఊరే వేళకి కాకుండా, తన ఇష్టమొచ్చినప్పుడు.

అందుకని మా జిల్లాలో నిధి అంటే నీళ్లు. నిధికి పటం ఉన్నట్టే నీళ్లకి ‘పాయింట్’ ఉంటుంది. పాయింట్ పెట్టే పెద్దాయన్ని పిలుచుకొచ్చారు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట కాయ నిట్టనిలువుగా లేచింది. అక్కడ రాయి పాతి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించారు. కథ చెప్పే కుర్రాడు జిమ్ హాకిన్స్ చేతిలోని పటం మీద ఎర్రసిరాతో వేసిన గుర్తుని ఆ వారమే చదివాను. మా చేలో గుర్తు కూడా ఎర్రగానే ఉంది.

రాత్రి రిగ్గు లారీ వచ్చింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే లారీలవి, దేశమంతా తిరుగుతాయి. రాత్రంతా ఊరు ఊరంతా చేలోనే. రాడ్డు మీద రాడ్డు దించుతుంటే అడుగులు లెక్కపెట్టేవాణ్ని. నూరు. నూటయాభై. బూడిదరంగు దుమ్ము లేచి అందరి రెప్పల మీదా పేరుకుంటోంది. రెండొందల దగ్గర మట్టి కొంచెం తడిగా వచ్చింది. ఎవరో ‘తేమ, తేమ’ అని అరిచారు. మా అమ్మ చేతులెత్తి మొక్కింది. మళ్లీ దుమ్మే. మూడొందల ఎనభై దగ్గర నాన్న చెయ్యెత్తి ఆపేయమన్నాడు. అడుగుకింత అని డబ్బు నడుస్తోంది, అంతకుమించి ఆయన దగ్గర లేదు. తెల్లారాక లారీ పోయింది. నాన్న ఒక బండరాయి దొర్లించుకొచ్చి గొట్టం మూతి మీద పెట్టాడు, పిల్లలెవరూ పడకుండా. పక్కనే పాత రెండు బోర్ల మీదా అలాంటి రాళ్లే ఉన్నాయి.

స్టీవెన్సన్ రాసిన ఖాళీ గొయ్యి నాకు అర్థమైంది అలా.

*

నిధి ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ‘ది రాజాస్ డైమండ్’ అని నాలుగు కథల గొలుసు రాశాడు, 1882లో ‘న్యూ అరేబియన్ నైట్స్’లో కలిసింది. తూర్పుదేశపు రాజా ఒకడు ఇచ్చిన వజ్రం ఇంగ్లండుకొస్తుంది. దాన్ని తాకిన పాదిరీ దొంగవుతాడు, అన్నదమ్ములు శత్రువులవుతారు. చివరికి ప్రిన్స్ ఫ్లోరిజెల్ దాన్ని పారిస్‌లో నదిలోకి విసిరేస్తాడు. ఆ రాజా కష్గార్ రాజని స్టీవెన్సన్ రాశాడు గానీ, కథల్లో ప్రపంచమంతా తిరిగిన రాజుల వజ్రాలు ఎక్కువగా కృష్ణా పెన్నా నదుల మధ్య పుట్టినవే. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రం అంటే ప్రధానంగా ఈ దేశపు వజ్రమే. వంద కోట్ల ఏళ్లకు పైబడిన నాటి సంగతి: భూమి లోపల నూటయాభై కిలోమీటర్ల లోతు నుంచి కరిగిన రాయి గొట్టంలా ఎగదన్నుకుని వచ్చి, వజ్రాలను పైకి మోసుకొచ్చింది. ఆ కింబర్లైట్ గొట్టాలు వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్నాయి. పైరాయి అరిగి మట్టయింది, వాన ఆ మట్టిని కడుగుతుంది, కొంగుముళ్లు విచ్చుకుంటాయి.

గనితో స్టీవెన్సన్‌కి సొంత చుట్టరికం కూడా ఉంది. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్యానీని పెళ్లాడి, చేతిలో డబ్బులేక కొత్త దంపతులు కాపురం పెట్టింది ఎక్కడో తెలుసా? కాలిఫోర్నియా కొండ మీద పాడుబడిన వెండి గని దగ్గర, పనివాళ్లు వదిలేసిపోయిన కొట్టంలో. తలుపుల్లేవు, కిటికీల్లేవు. ఆ వేసవిని ‘ది సిల్వరాడో స్క్వాటర్స్’లో రాశాడు. మన రామగిరిలో బంగారు గనులు మూతపడ్డాక మిగిలిన కట్టడాల మధ్య తిరిగినవాళ్లు ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ గుర్తుపడతారు. గని పోయాక ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయన రాసినట్టు ఇంకెవరూ రాయలేదు.

*

తండ్రి థామస్ సంగతి ఇంకొంచెం ఉంది. వాతావరణ కేంద్రాల్లో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లరంగు చెక్కపెట్టె చూసే ఉంటారు. నాలుగు వైపులా వాలు పలకలు, గాలి ఆడుతుంది గానీ ఎండ లోపల పడదు. తలుపు ఉత్తరానికి తిరిగి ఉంటుంది. లోపల ఉష్ణమాపకాలు. దాని పేరు ‘స్టీవెన్సన్ స్క్రీన్’. ఆ స్టీవెన్సన్ ఈ థామసే, 1860లలో తయారుచేశాడు. అనంతపురంలో ఈరోజు ఇన్ని డిగ్రీలు అని మనం పేపర్లో చదివే లెక్క ఎన్నో దశాబ్దాలుగా అలాంటి పెట్టెలోంచే వస్తోంది. ఎండ ఎంత కాసింది, చినుకు ఎంత పడింది లాంటి అంకెల మీద ఒక మండలం కరువు మండలం అవుతుందా లేదా అన్నది తేలుతుంది.

కొడుకు కూడా ఆ దారిలోనే కొన్నాళ్లు నడిచాడు. 1871లో దీపస్తంభానికి కొత్తరకం దీపం గురించి పత్రం చదివి వెండి పతకం తెచ్చుకున్నాడు. కొద్దిరోజులకే తండ్రితో చెప్పాడు, నేను రాస్తాను, ఇది నా వల్ల కాదని. అయినా 1873లో ఎడింబరో రాయల్ సొసైటీ ముందు ఇంకో పత్రం చదివాడు. అడవులు వేడి మీద చూపే ప్రభావం ఎంత, దాన్ని ఎలా కొలవాలి అని! ‘ట్రెజర్ ఐలండ్’ రాసినవాడు చెట్లు కొట్టేస్తే నేల వేడెక్కుతుందా అని ఇరవై రెండేళ్ల వయసులో ఆలోచించాడన్న సంగతి తెలిసిన రోజు, చెట్టన్నది లేని మా గుట్టల వైపు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

*

అందరూ చదవాల్సింది, ఎవరూ సరిగా చదవనిది ‘కిడ్నాప్డ్’. 1886లో వచ్చింది. కథాకాలం 1751. తండ్రి పోయిన డేవిడ్ బాల్ఫోర్ చినాయన ఇంటికి వస్తాడు. ఆస్తి తనకి దక్కకుండా పోతుందని ఆ చినాయన ఉరుముల రాత్రి సగం కట్టిన మేడమెట్లు చీకట్లో ఎక్కమంటాడు. కాలు జారకపోయేసరికి ఓడవాళ్లకి అమ్మేస్తాడు. దాయాది పగ ఎలా ఉంటుందో సీమలో పుట్టినవాడికి వివరించనక్కర్లేదు.

నవల అసలు ప్రాణం ఆ తర్వాత ఉంది. అప్పటికి అయిదేళ్ల కిందట, 1746లో, కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్ తెగలు ఓడిపోయాయి. నాయకులు ఫ్రాన్స్ పారిపోయారు. కత్తి పట్టకూడదని, చివరికి తాతలనాటి గళ్లబట్ట కట్టకూడదని చట్టాలొచ్చాయి. నాయకుల భూములు రాజు స్వాధీనం చేసుకుని శిస్తు వసూలుకి అధికారిని పెట్టాడు. అక్కడి కౌలురైతులు ఒక శిస్తు రాజుకి కట్టి, కడుపు కట్టుకుని రెండో శిస్తు కూడబెట్టి, దేశం దాటిపోయిన తమ నాయకుడికి రహస్యంగా పంపేవారు. ఆ డబ్బు మోసుకెళ్లేవాడే నవలలో అలన్ బ్రెక్. పొగరు, మాటకి ప్రాణమిచ్చే గుణం, వెండి గుండీల కోటు. రైతుల్ని వెళ్లగొట్టబోతున్న అధికారి కోలిన్ క్యాంప్‌బెల్ 1752లో నిజంగానే హత్యకు గురయ్యాడు. స్టీవెన్సన్ కథ కోసం ఆ హత్యని ఒక ఏడాది ముందుకి జరిపాడు.

ఇప్పుడు ఇటు రండి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దఖలు పరిచాడు. ‘దత్తమండలాలు’ అయ్యాయి. వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టినవాడు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువాడు. అతను వచ్చేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్లు. కోటలు, సొంత దండు, సొంత వసూళ్లు. ఏడేళ్లలో వాళ్ల దండులు చెదిరిపోయాయి. కొందరికి పింఛన్లు మిగిలాయి. శిస్తు నేరుగా రైతు పేరనే రాసే రైత్వారీ పాతుకుంది. మన్రోని సీమ జనం ప్రేమగానే తలుచుకున్నారు, పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కూడా. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే గుత్తిలో పాతిపెట్టారు. కానీ అదే సీమలో, కోవెలకుంట్ల ప్రాంతంలో, పాళెగాళ్ల వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పింఛను దగ్గర మొదలైన అవమానంతో తిరగబడి 1847లో ఉరికంబమెక్కాడు. జనం అతని మీద పాటలు కట్టి పాడుకున్నారు.

మన్రోని కూడా మెచ్చుకుని, నరసింహారెడ్డిని కూడా పాడుకునే మనసు ఉందే, అది ‘కిడ్నాప్డ్’ మనసు. డేవిడ్ రాజు పక్షం, అలన్ తిరుగుబాటు పక్షం. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కొండల్లో పడి పరిగెడతారు. ఎవరిది న్యాయమో స్టీవెన్సన్ తేల్చడు, ఇద్దరికీ ఆకలేస్తుందని మాత్రం చూపిస్తాడు. ఈ నవలని గుత్తి యాసలోనో తాడిపత్రి యాసలోనో ఎవరైనా తిరగరాస్తే, అలన్ బ్రెక్ మా పక్క ఊరివాడైపోతాడని నా నమ్మకం. ఎవరైనా ఆ పని చేయాలి.

‘కిడ్నాప్డ్’ వచ్చిన 1886లోనే, జనవరిలో, ‘జెకిల్ అండ్ హైడ్’ వచ్చింది. మూడురోజుల్లో రాసి, భార్య మెచ్చలేదని పొయ్యిలో వేసి, మళ్లీ రాసిన పుస్తకం. ఆరు నెలల్లో 40 వేల ప్రతులు అమ్ముడయ్యాయి. దాని గురించి అందరికీ తెలుసు, చదవనివాళ్లకి కూడా. నాకైతే దానికన్నా ‘ట్రావెల్స్ విత్ ఎ డాంకీ’ దగ్గరిది. 1878లో ఫ్రాన్స్ కొండల్లో మొడెస్టీన్ అనే గాడిదతో పన్నెండు రోజులు నడిచాడు. మొదట దాన్ని కొడతాడు, విసుక్కుంటాడు. చివరికి అమ్మేసి, బండి ఎక్కాక ఏడుస్తాడు. కరువులో ఎద్దుల్ని సంతకి తోలి ఒట్టి పగ్గాలు పట్టుకుని ఇంటికొచ్చిన రైతు మొహం చూసినవాళ్లు ఆ ఆఖరి పేజీ దగ్గర ఆగిపోతారు.

*

ఊపిరాడే గాలి కోసం ఆయన తిరగని చోటు లేదు. ఫ్రాన్స్, స్విట్జర్లండ్, అమెరికా, చివరికి పసిఫిక్ సముద్రం. మనవాళ్లు వాన లేక బెంగళూరు బండెక్కినట్టు ఆయన ఊపిరి లేక ఓడెక్కాడు. ఇల్లొదిలినవాడి చూపు ఆయన పుస్తకాల నిండా ఉంటుంది. 1890లో సమోవా దీవుల్లో వైలీమా అనే చోట భూమి కొని స్థిరపడ్డాడు. అక్కడివాళ్లు ఆయన్ని ‘టుసిటాలా’ అన్నారు, అంటే కథలు చెప్పేవాడు.

అక్కడికి పోయాక సాహసకథల స్టీవెన్సన్ మారిపోయాడు. జర్మనీ, బ్రిటన్, అమెరికా కలిసి ఆ చిన్న దీవుల రాజకీయాన్ని ఎలా ఛిన్నాభిన్నం చేశాయో 1892లో ‘ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ’ రాశాడు. తెల్లవ్యాపారుల నీచత్వాన్ని ‘ది బీచ్ ఆఫ్ ఫలేసా’లో ఎక్కడా దాచకుండా రాశాడు. ‘ది బాటిల్ ఇంప్’ అనే కథ 1891లో ఇంగ్లీషుతో పాటు సమోవా భాషలో కూడా అచ్చయింది, అక్కడి మిషనరీ పత్రికలో. అందులో ఒక సీసా ఉంటుంది. దాంట్లో భూతం అడిగిందల్లా ఇస్తుంది. కానీ కొన్నదానికన్నా తక్కువకే అమ్మాలి. అమ్మకుండా చస్తే నరకం. హవాయి యువకుడు కియావే మంచి ఇల్లు కోరుకుంటాడు. వెంటనే చినాయనా ఆయన కొడుకూ చనిపోయి వాళ్ల భూమీ డబ్బూ ఇతనికి వస్తాయి. కోరిక తీరిందే గానీ తీరిన తీరు చూసి వణికిపోతాడు. ఆ కథ చదివిన సమోవా జనం వైలీమాకి వచ్చినప్పుడు ఇల్లంతా కలయజూసి, ఆ సీసా ఏదీ, ఓసారి చూపించు అని అడిగేవారట. కథ అంటే అంత నమ్మే పాఠకులు ఏ రచయితకి దొరుకుతారు?

1894లో జైలు నుంచి విడుదలైన సమోవా పెద్దలు, తాము లోపలున్నప్పుడు ఆదుకున్నాడన్న కృతజ్ఞతతో ఆయన ఇంటికి స్వయంగా దారి వేశారు. ఆ విందులో ఆయన వాళ్లకి చెప్పింది భూమి గురించి. మీ నేలని మీరు దున్నుకోండి, దారులు వేసుకోండి, చెట్లు పెంచుకోండి, లేకపోతే వేరేవాళ్లు వచ్చి అనుభవిస్తారు, నా దేశంలో కొండల మీది జనానికి జరిగింది చూశాను అని. రెండు నెలలకే, డిసెంబరు 3న, సాయంత్రం భార్యతో మాట్లాడుతూ కుప్పకూలిపోయాడు. నలభై నాలుగేళ్లు. సమోవా జనం రాత్రికి రాత్రి అడవి కొట్టి వయియా కొండ మీదికి బాట తీసి, భుజాల మీద మోసుకెళ్లి శిఖరాన పాతిపెట్టారు.

అంతకుముందు 1889లో వచ్చిన ‘ది మాస్టర్ ఆఫ్ బాలన్‌ట్రే’లో మన దేశం కూడా ఉంది. ఇద్దరు అన్నదమ్ములు. తిరుగుబాటు వైపు ఎవరు పోవాలి, రాజు వైపు ఎవరుండాలి అని నాణెం ఎగరేసుకుంటారు, ఎవరు గెలిచినా ఎస్టేటు చెయ్యి జారకుండా. పెద్దవాడు పోతాడు, పోయాడనుకున్న ప్రతిసారీ తిరిగొస్తాడు. ఒకసారి ఇండియా నుంచి సెకుంద్రా దాస్ అనే మనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. చివరికి అమెరికా అడవుల్లో, పాతిపెట్టిన నిధి కోసం వెళ్లినప్పుడు, వెంటవున్నవాళ్లు చంపేస్తారని తెలిసి, సెకుంద్రా ఉపాయంతో నాలుక మడుచుకుని చచ్చినట్టు పడుకుంటాడు. సెకుంద్రా అతన్ని పాతిపెడతాడు. తర్వాత ఒంటరిగా వచ్చి గడ్డకట్టిన నేలని తవ్వుతాడు. ఒంటిని రుద్దుతాడు, ఊపిరి ఊదుతాడు. ఒక్క క్షణం కళ్లు తెరుచుకుంటాయి. అంతే. మా దేశంలో పనిచేసేది, ఈ చలినేలలో చేయలేదని అతను ఏడుస్తాడు. నిధి కోసం తవ్విన నేలలో మనిషి దొరికాడు, బతికి మాత్రం దొరకలేదు. రెండు వందల పేజీల పగ ఆ ఒక్క గొయ్యిలో ముగుస్తుంది. స్టీవెన్సన్ రాసినవాటిలో నన్ను ఎక్కువ కాలం వెంటాడింది ఈ నవలే.

*

మూడో బోరు ఎండిన వారానికి నాన్న రాత్రిపూట బయట మంచం మీద పడుకుని, ఏమి చదువుతాండావు రోజూ అని అడిగాడు. కథ చెప్పమన్నాడు. ఆయన ఎన్నడూ కథ అడిగినవాడు కాదు. మొదటి నుంచీ చెప్పాను. సత్రం, ముసలి నావికుడు, పటం, ఒంటికాలి సిల్వర్, చిలక. నాన్న ఊఁ కొడుతూనే ఉన్నాడు. గొయ్యి దగ్గరికొచ్చేసరికి లేచి కూర్చున్నాడు.

“ఏమీ లేదా?”

“లేదు నాయనా. ముందే ఎవరో తీసేసినారు.”

చాలాసేపు మాట్లాడలేదు. బీడీ ముట్టించుకున్నాడు. నేను మిగతాది త్వరత్వరగా చెప్పేశాను. బెన్ గన్ గుహ, బంగారం ఓడకెక్కించడం, అందరూ ఊరికి తిరిగి రావడం. ఆఖర్లో జిమ్ చెప్పే సంగతి కూడా చెప్పాను. ఫ్లింట్ పాతిపెట్టిన వెండి కడ్డీలు మటుకు ఎవరూ తీయలేదు, అవి ఇప్పటికీ ఆ ద్వీపంలోనే ఉన్నాయి, తనైతే మళ్లీ పోనంటాడు అని.

“అయితే ఇంగా ఉన్నట్టే గదప్పా,” అన్నాడు నాన్న.

తెల్లారి లేచి చూస్తే మంచం ఖాళీ. పాయింట్ పెట్టే పెద్దాయన ఊరికి పొద్దున్నే నడిచిపోయాడని అమ్మ చెప్పింది.